నూనె రాసిన గవ్వ

గాలి ఇసుకను ముఖాన కొడుతోంది. గవ్వలూ శంఖాలూ అమ్మే దుకాణదారు, ఆపరేషనై మూడు నెలలైన భార్యను చెయ్యి పట్టుకుని ఒడ్డున నడిపిస్తున్నాడు. ఏదో ఒకటి దొరుకుతుందన్న ఆశ చూపిస్తే తప్ప ఆమె అడుగు వెయ్యదు.

“అదిగో, నీ కాళ్ల దగ్గరే! చూశావా, ఇవాళ కూడా దొరికింది.”

“చూశాను. ఏమండీ, సముద్రం ఎప్పటినుంచి గవ్వలకు నూనె రాసి పంపుతోంది?”

“తడికి అలా మెరుస్తుందిలే.”

“ఇరవై ఏళ్లు మన దుకాణంలో నూనె రాసిన చేతులివి. నాకా చెప్తారు? నిన్నటి శంఖానికైతే దూది కూడా అంటుకుని ఉంది.”

ఇన్నేళ్ల వ్యాపారంలో అతను ఇంత తేలిగ్గా ఎవరికీ దొరికిపోలేదు.

“నూనె రాయకుండా సరుకు బయటపెట్టడం నా వల్ల కాలేదే. ఎప్పుడు కనిపెట్టావు?”

“మొదటి వారంలోనే.”

“మరి రోజూ ఎందుకొచ్చావు?”

“ఆ మోకాలి నొప్పితో తెల్లవారకముందే వచ్చి పెట్టిపోతున్నారు. నేను ఏరకపోతే మీ కష్టం ఏం కావాలి? కానీ అలసిపోయానండీ.”

“నేనూ అలసిపోయానే. డాక్టరేమో నడిపించి తీరాలన్నాడు. ఇవాళ్టికి ఇంటికి పోదామా?”

ఆమె శాలువా చెవుల మీదికి లాక్కుని ఒడ్డు పొడవునా చూసింది.

“ముందు ఇంకేమైనా పెట్టారా?”

“రెండు. ఆ విరిగిన పడవ పక్కన.”

“అయితే పదండి. ఈ గాలికి ఇసుక కప్పేస్తే మళ్లీ మీరే వంగి తవ్వుకోవాలి.”