చాటలో చెరిగిన సినిమా

శంషాబాద్‌లో ఎయిర్‌పోర్ట్ క్యాబులు ఆగే చోట జయశీల చాయ్ బండి ఉంది. వానకు ఫ్లైట్లన్నీ ఆలస్యమైన ఆ మధ్యాహ్నం డ్రైవర్లు రేకుల కిందికి చేరి ఎవరి ఫోన్లు వాళ్లు చూసుకుంటున్నారు. వాళ్లలో ఉపేందర్‌కు అది నచ్చలేదు. ఇంతమంది ఉండి తన మాట వినేవాడు ఒక్కడూ లేకపోతే ఆయనకు చాయ్ కూడా చప్పగా ఉంటుంది.

పక్కన కుర్ర డ్రైవర్ జాన్ పాల్ ఫోన్‌లో పాత సినిమా ఏదో నడుస్తోంది. ఉపేందర్ తొంగి చూసి పెదవి విరిచాడు.

"గిదేం బొమ్మరా! హీరో మొఖం మైనం ముద్ద లెక్కున్నది. గ్రెయిన్ మొత్తం గీకేసిండ్రు."

"గ్రెయిన్ అంటే ఏందన్నా?"

ఇగ ఉపేందర్ కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"పాత ఫిలిం మీద సన్న రవ్వ చల్లినట్టు కదులుతుంటది సూడు, గదే గ్రెయిన్. గది దుమ్ము కాదు, బొమ్మకు చర్మం. మొన్న ఒక సార్‌ను ఎక్కించుకున్న, పాత సినిమాలను సాఫ్ చేసి బ్లూరే డిస్కులు తీసే కంపెనీ ఆయనది. సామాను మోయనీకి లోపటికి పోయిన. గోడంత తెర మీద మన కొత్వాల్‌గూడ దిక్కు తీసిన పాత జంగల్ సినిమా. కంప్యూటర్ పోరగాండ్లు గా రవ్వ మొత్తం తుడిచేసిండ్రు. సార్, గిట్ల చేస్తే మొఖం పోతది అన్న. ఆయన నన్ను ఎగాదిగ చూసిండు."

అంతవరకు నిజమే. ఆ మాట విని ఆ సారు నవ్వాడు, కిరాయి ఇచ్చి పంపించాడు. కానీ జాన్ పాల్ ఫోన్ పక్కన పెట్టేశాడు, ఇంకో ఇద్దరు ఇటు తిరిగారు. అంతమంది చూస్తుంటే ఉపేందర్ అక్కడ ఆగగలడా?

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? నన్ను కూసోబెట్టి, నువ్వే చెయ్యన్నా అన్నడు. నాకు మౌస్ గిట్ల ఎందుకు? ఒక చాట తెప్పియ్యమన్న. సినిమా మొత్తం చాటల పోసి చెరిగిన! దుమ్ము అవతల, గీతలు అవతల, గ్రెయిన్ ఇవతల. రెండు బస్తాల దుమ్మెల్లింది."

"బస్తాలు ఏడవెట్టిండ్రు తమ్మీ?" జయశీల చాయ్ వడబోస్తూ అడిగింది.

"మున్సిపాలిటోళ్లు లారీ తెచ్చిండ్రక్కా. ఇగ బొమ్మ వేసినం. ఏం సాఫ్! హీరో మిరపకాయ బజ్జి కొరికితే రూముల అందరికి పొలమారింది. వాన పాట వస్తే నేను ప్యాంటు మడిచిన, సార్ చెప్పులు కొట్టుకపోయినయ్. హీరోయిన్ పాట నడుమ ఆగి, గా ఎనుక నిలబడ్డ ఆయన ఎవరు, జర ముందుకు రమ్మనుండ్రి అన్నది."

"పోయినవా?"

"మీ వదినకు తెలిస్తే బతకనిస్తదారా? పోలే. అసలు కథ అప్పుడు మొదలైంది. తెర మీద ఆకాశమొచ్చింది. గంత నీలం నువ్వు పుట్టినంక చూసి ఉండవ్. దిగే ఫ్లైట్ మా కిటికీల నుంచి గది చూసి, గిదే అసలు ఆకాశమనుకొని మా దిక్కు తిరిగింది! అందరు బల్లల కింద దూరిండ్రు. నేను పాజ్ నొక్కిన. ఫ్లైట్ గాలిల నిలబడ్డది. పైలట్‌కు చెయ్యూపి, ఎనుకకు తీసుకో, ఇంక జర, ఇంక జర అని రివర్స్ కొట్టిచ్చిన."

నవ్వులతో రేకులు మోగాయి. అందరిలో ఒక్కడే నవ్వలేదు, పాల క్యాన్లు దించడానికి వచ్చిన కొత్వాల్‌గూడ దశరథం.

"అన్నా, గా సినిమాల హిమాయత్‌సాగర్ గట్టు మీద కొట్లాట ఉన్నదా?"

"ఎందుకు లేదు?"

"గా కొట్లాటల మా బాపు చేసిండే. శివయ్య. నేను చిన్నగున్నప్పుడే పోయిండు. ఇంట్ల ఒక్క ఫోటో లేదు. నీకు కనబడ్డడా?"

ఉపేందర్‌ను ఇంత ఆశగా ఎవరూ ఎన్నడూ చూడలేదు. చూడలేదు తమ్మీ అంటే అయిపోయేది. అనలేకపోయాడు. దశరథం మొఖం చిన్నబోతుందనో, తన కథ చిన్నబోతుందనో ఆయనకే తెలియలేదు.

"కనబడకపోవుడేంది! మెలేసిన మీసం. ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. కండ్లు అచ్చం నీయే. నుదురు మీద చెమట చుక్కలు సుత లెక్కపెట్టొచ్చు. నా దిక్కు చూసి నవ్విండు దశరథం!"

దశరథం కళ్లార్పకుండా విన్నాడు.

"మొఖం గంత సాఫ్‌గ కనబడ్డదా అన్నా?"

"సాఫ్ అంటే సాఫ్!"

"మా బాపు ఎలుగుబంటి వేషమేసిండే. తల నుంచి కాళ్ల దాక బొచ్చే. మూతికి రెండు చిన్న బొక్కలు, గంతే."

జాన్ పాల్ తాగుతున్న చాయ్ ముక్కులోంచి వచ్చింది. జయశీల కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అటు తిరిగింది. ఎవరో బల్ల మీద పడి కొట్టుకుంటున్నారు.

దశరథం కూడా నవ్వాడు, చెంపలు తుడుచుకుంటూ. "నవ్విండన్నవ్ గదా, గది నిజమే కావొచ్చన్నా. గా తోలుల మస్తు గిలిగింతలు అయ్యేటియంట. మా అమ్మ చెప్పేటిది."

ఉపేందర్ ఖాళీ గ్లాసు బండి మీద పెట్టాడు.

"ఎలుగుబంటి మాత్రం మస్తు చేసింది దశరథం," అన్నాడు చివరికి, ఎవరికీ వినబడనంత మెల్లగా.