మంచు ఆరని గోధుమచేను

టెక్సస్‌లో గోధుమ పండుతోందని ఫోన్లు వచ్చే రోజులు. రోండా ఉన్రూ మా కాన్సస్ ఊళ్లో ధాన్యం గోదాము ఆఫీసుకి వచ్చి నిలబడే ఒక మాట అడిగింది.

"నాకో డ్రైవరు తగ్గాడు. కోత మిషన్ నడిపేవాడెవడన్నా ఉంటే చెప్పండి. వంటకి వచ్చే మా పిన్ని కూడా తుంటి విరగ్గొట్టుకుంది. ఈ ఏడు కుర్రాళ్లకి డబ్బా చిక్కుళ్లే గతి."

రోండాది కోత బృందం. మిషన్లు లారీల మీద ఎక్కించుకుని టెక్సస్‌లో మొదలెడతారు, గోధుమ పండేకొద్దీ ఉత్తరానికి రాష్ట్రాలు దాటుకుంటూ మోంటానా దాకా పోతారు. మా ఊళ్లో మగాళ్లలో సగంమంది ఒకప్పుడు అలా పోయినవాళ్లే.

మూలన కాఫీ కుండ పక్కన వర్జిల్ పెన్నర్ కప్పు కింద పెట్టాడు. డెబ్బై ఎప్పుడో దాటాడు. ఊరు దాటి మాత్రం చాలా ఏళ్లయింది, ఆ ఉక్రోషమంతా నోట్లోనే ఉంటుంది. ఆఫీసు తలుపు తియ్యగానే వచ్చి కాఫీ కాసేది ఆయనే, వేరేవాళ్లు కాస్తే ముట్టడు.

"డ్రైవరు ఎదురుగా కూర్చుంటే ఊరంతా వెతుకుతావేమిటమ్మాయ్?" అన్నాడు.

"కళ్లు కనిపిస్తాయా పెద్దాయనా?"

"కూర్చో, చెబుతాను. నా పదహారో ఏట మా నాన్న పొలం మట్టంతా గాలికి లేచి పక్క జిల్లాకి పోయింది. మిగిలిన గట్టి నేల బ్యాంకోళ్లు పట్టుకుపోయారు. ఏడుస్తూ కూర్చుంటే కూడు పెట్టేదెవడు? కోత బృందం లారీ వెనకాల ఎక్కేశాను. దిగింది టెక్సస్‌లో. మిగతావాళ్లు రోజంతా కోసే చేను నేను ఒక్క పూటలో కోసేశాను. అదేం గొప్ప కాదులే, ఒళ్లు దాచుకోనివాడెవడైనా చేస్తాడు. ఆ మధ్యాహ్నం చిక్కుళ్లలో ఎద్దు మాంసం ముక్కలు, పైన పచ్చి ఉల్లిపాయ. ఎండ ఎలాంటిదంటే, కుండ కింద నిప్పే అక్కర్లేకపోయింది, నేలమీద పెడితే ఉడికింది."

"టెక్సస్ ఎండ అంతే. నమ్మాం," అన్నాడు ఎల్మర్. లారీలు తూకం వేసేది ఎల్మర్. వయసులో ఉన్నప్పుడు వాడూ మిషన్ నడిపినవాడే.

"నమ్మక ఏం చేస్తావురా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓక్లహోమాలో సుడిగాలి. అందరూ గుంటల్లో పడి మొహాలు దాచుకున్నారు. చేను ఇంకా సగం ఉంది. పండిన చేను వదిలేసి నేను పారిపోతానా? పొలం పోగొట్టుకున్నవాడి కొడుకుని, ఒక్క కంకి కూడా గాలికి ఇవ్వను అనుకుని, మిషన్ని తిన్నగా దాని కడుపులోకి తోలాను. ఎత్తేసింది. ఎత్తితే ఏం, లోపల చూద్దును కదా, నాలుగు ఊళ్ల గోధుమ గిరగిరా తిరుగుతోంది. కొయ్యడమే తరువాయి. గాల్లోనే కోశాను. గింజ ట్యాంకులో పడుతోంది, పొట్టు దానంతటదే ఎగిరిపోతోంది. ఒళ్లో పీచ్ పళ్లు కూరిన తీపిరొట్టె ఉంది, దాని మీద పిండితో వేసిన అల్లిక ఒక్క పోగు చెదరలేదు."

"ఇంతకీ దిగిందెక్కడ?" అంది రోండా. కుర్చీ లాక్కుని కూర్చుంది అప్పటికి.

"నెబ్రస్కాలో."

"మధ్యలో మన కాన్సస్ ఉంది కదా తాతా?"

"ఉంటే? వంగి పైనుంచే కోసుకుంటూ పోయాను."

ఎల్మర్ నవ్వు ఆపుకోడానికి కాఫీ తాగాడు. వర్జిల్ వాడివైపు చూడలేదు. ఆయన చూపంతా రోండా మీదే, ఆవిడ మొహంలో 'సరే' అనే మాట కోసం.

"నెబ్రస్కాలో ఒక చేను. ఈ చివర మొదలెట్టి ఆ చివరకి చేరి వెనక్కి తిరిగేసరికి, కోసిన చోటల్లా మళ్లీ మొలిచి, కంకి వేసి, పండి ఉంది. తిరిగొస్తూ రెండో పంట కోశాను. దారి పొడుగునా మాంసం, క్యాబేజీ కూరిన బన్నులు. వాటికి పిండి ముందురోజే నానబెట్టి పొంగనివ్వాలి, తొందరపడితే పొయ్యిలో పగిలి కూర బయటపడుతుంది. ఆ తర్వాత దక్షిణ డకోటా. అక్కడ గోధుమ పక్కనే పొద్దుతిరుగుడు చేలు. పొద్దు వాలేవేళ నా మిషన్ దీపాలు వెయ్యగానే ఆ పువ్వులన్నీ సూర్యుణ్ణి వదిలేసి నావైపు తిరిగాయి. నేను ఎటు తోలితే అటు. సూర్యుడికి అవమానమై మర్నాడు రాలేదు. ఊరి పెద్దలు వచ్చి, అయ్యా దీపాలు ఆర్పండి, మా కోళ్లు గుడ్లు మానేశాయి అని బతిమాలితే, పోనీలే పాపమని ఆర్పాను."

"గుడ్లు లేకపోతే పొద్దున టిఫిన్‌కి ఇబ్బందే మరి," అన్నాడు ఎల్మర్.

"ఇబ్బందా? నానా అవస్థ పడ్డాం," అన్నాడు వర్జిల్ గబుక్కున. మళ్లీ గొంతు పెంచాడు. "ఇవన్నీ ఒక ఎత్తు, మోంటానా ఒక ఎత్తు. నన్ను ముసలాడనేవాళ్లు అది చూడాల్సింది. కెనడా దాకా ఒకటే చేను. వానమబ్బు కమ్ముకొస్తోంది, మర్నాటికల్లా కొయ్యకపోతే రైతు నాశనం. ఆ రైతు మొహంలో మా నాన్న కనిపించాడు నాకు. ఇంకా తెల్లారలేదు. మంచు ఎలా పడిందనుకున్నావు, కంకుల మధ్య బాతులు ఈదుతున్నాయి. బృందమంతా గుర్రుపెట్టి నిద్ర. లేపడం ఎందుకని నేనొక్కణ్ణే మిషన్ ఎక్కాను. ఆ మంచులో, ఆ చీకట్లో, కెనడా దాకా కోసి, సరిహద్దు కంచె దగ్గర పోలీసులకి దణ్ణం పెట్టి, వెనక్కి తిరిగి, కోసిందంతా గోదాముకి తోలి వచ్చాను. వీళ్లు కళ్లు నులుముకుంటూ లేచేసరికి కాఫీ దిగింది, బిస్కెట్ రొట్టెలు వేడివేడిగా పొంగి ఉన్నాయి, గ్రేవీలో మిరియాలు కూడా పడ్డాయి."

సుడిగాలిని మింగినవాళ్లం, సూర్యుడి అలకనీ మింగినవాళ్లం, ఇక్కడ ఆగిపోయాం.

"మంచులో కోశావా?" అన్నాడు ఎల్మర్ మెల్లగా.

గోధుమ కోసినవాడెవడూ ఆ మాట అనడు. మంచు తడికి గడ్డి తాడులా మిషన్ లోపల చుట్టుకుని బిగుసుకుపోతుంది. ఎండెక్కి, గింజ కొరికితే టక్కుమని విరిగేదాకా ఎంత పెద్ద డ్రైవరైనా చేలో దిగడు. అందుకే ఆ పూట పడుకుంటాడు.

వర్జిల్ చెయ్యి కాఫీ కుండ మీదికి పోయింది.

"కోతల కాలంలో నేను ఒక్క తెల్లవారుజామూ చూడలేదు," అన్నాడు ఎల్మర్. "ఏ డ్రైవరూ చూడడు. బృందంలో మంచు పడ్డప్పుడు లేచి ఉండేవాడు ఒక్కడే. చేత్తో ఏం కోస్తాడో గానీ, గోధుమ మాత్రం కాదు."

వర్జిల్ మొహం ఎర్రబడింది. లేచి నిలబడ్డాడు. వెళ్లిపోతాడనుకున్నాం. వెళ్లలేదు.

"అవునురా, వంటవాణ్ణే. టెక్సస్ నుంచి మోంటానా దాకా ప్రతి రాష్ట్రం మట్టి మీదా పొయ్యి పెట్టాను. గాలిలో పెట్టాను, వానలో పెట్టాను. తిండి లేకుండా ఏ మిషన్ ఒక్క గజం కదిలిందో చూపించు. ఆ బిస్కెట్ రొట్టెలు తిన్నవాడెవడూ పని మానలేదు, బృందం వదిలిపోలేదు. ఇందులో ఒక్క అబద్ధం ఉంటే చెప్పు."

ఎల్మర్ కప్పు చేత్తో పట్టుకుని కాఫీ కుండవైపు చూశాడు.

రోండా లేచి టోపీ పెట్టుకుంది. "డ్రైవరు ఎక్కడో అక్కడ దొరుకుతాడు, తాతా. మాంసం బన్నులు పగలకుండా చేసేవాడు ఈ దేశంలో ఎక్కడ దొరుకుతాడు? సోమవారం బయల్దేరుతున్నాం. వంటబండి నీది."

వర్జిల్ తల వంచి అరచేతుల్ని ఒకసారి చూసుకున్నాడు. తల ఎత్తేసరికి పాత మనిషే.

"సోమవారం ఏ వేళకి బయల్దేరడం?"

"మంచు ఆరాక."

"అప్పటిదాకా మీరు పడుకోండి," అన్నాడు. "నేను లేచి పొయ్యి వెలిగిస్తే గానీ తెల్లారదు."

ఈసారి ఎవరూ కాదనలేదు. ఎల్మర్ కప్పు చాపాడు, ఇంకొంచెం పొయ్యమని.