బావ నాడి

ఏం మాత్రమ్మా అది, బీపీదా? ఇలా ఇయ్యి చూద్దాం. ఆఁ, ఇదే జాతి! మా బావ, అదే మా అక్క మొగుడు, రేడియోలు బాగుచేసేవాడు చూడు, ఆయనా ఇదే మింగేవాడు. పోయి ముప్పై ఏళ్ళు దాటిందిలే. మంచోడే కానీ అబద్ధాలకోరు. అదన్నా చక్కగా చేతనయిందా అంటే, అదీ లేదు. సిగరెట్టు తాగొచ్చి తాగలేదంటాడు. అక్క వాసన చూసేది కాదు, మణికట్టు పట్టుకునేది. "ఏదీ, ఇప్పుడు చెప్పండి." అంతే, నాడి కుట్టుమిషన్‌లా టకటకా! "ఇవాళ కాఫీ లేదు, పొండి." అదీ తీర్పు. అప్పీలు లేదు.

ఇంతలో ఆయనకి బీపీ వచ్చింది. డాక్టరు మాత్ర రాసి, "భయమేస్తే నరాలు గుండెకి పరిగెత్తమని కబురు పంపుతాయి, ఇది గుండె గుమ్మంలో అడ్డంగా కూర్చుని ఆ కబురు లోపలికి పోనివ్వదు" అన్నాడట. ఇక బావ సంబరం చూడాలి! "ఒరేయ్ బామ్మర్దీ, మీ అక్కకి ఇక నా స్టేషను దొరకదురా, ఏరియల్ పీకేశారు!" ఆ పూటే రెండు సిగరెట్లు తగలేసి ఇంటికొచ్చాడు. అక్క పట్టుకుంది. నాడి గోడగడియారంలా నింపాదిగా కొట్టుకుంటోంది. "ఊఁ" అని, వేళ్ళు కొంగుకి తుడుచుకుని, కాఫీ ఇచ్చింది. అక్కణ్ణుంచి ఏడాదిపాటు రారాజే అనుకో. సిగరెట్టా? రామరామ. పేకాటా? ఛఛ. మా అక్క ఇంత వెర్రిబాగులది ఎప్పుడైందా అని నాకు ఒళ్ళు మండేది.

ఏం చెబుతున్నాను? ఆఁ, అక్కకి కడుపులో నొప్పి. పరీక్షలన్నీ చేసి, డాక్టరు బావనొక్కణ్ణే లోపలికి పిలిచి, మూడు నెలలన్నాడు. మెట్ల దగ్గర బావ నాతో చెప్పాడు. "దానికి తెలియకూడదురా. తెలిస్తే ఆ మూడు నెలలూ రోజూ చస్తుంది." బయట బల్ల మీద అక్క. "ఏమన్నాడండీ?" "ఏముంది, పుండుట. మందులకి మానిపోతుందిట." అక్క మణికట్టు పట్టుకుంది. నా గుండె దడదడలాడిపోతోంది, నాకు మాత్ర లేదుగా! బావ నాడి మాత్రం అదే గోడగడియారం కాబోలు. అక్క "ఊఁ" అంది. అదే ఊఁ. తర్వాత ఆయన అరచెయ్యి తిప్పి చెంగుతో ఒత్తింది. కారిపోతోందమ్మా చెమట. "ఆ మాత్ర దీన్ని ఆపదండీ," అంది మెల్లగా. "సిగరెట్లకి ఇంత తడిసేది కాదు. పదండి, ఇంటికెళ్ళి కాఫీ పెడతాను."

ఆ... ఆ ఫ్యాను కాస్త తగ్గించమ్మా, కళ్ళకి కొడుతోంది.