గట్టికుట్టు పేరు అమ్మేది లేదు

"ఏంటమ్మాయ్, గట్టికుట్టు పేరు వదిలేయమంటావా? గడువు ఇవాళ్టితో ఆఖరని, నెట్ సెంటర్ మూసి మరీ వచ్చి, టీకొట్టులో నలుగురి ముందు చెప్తావా? టైలరింగ్ దుకాణమే లేనప్పుడు దానికి ఇంటర్నెట్‌లో చిరునామా ఎందుకంటావా? కూర్చో ముందు. ఆ పేరు విలువేంటో విని అప్పుడు మాట్లాడు.

నేను అద్దె గదిలో, అద్దె మిషను మీద మొదలుపెట్టినవాణ్ణి. కత్తెరొక్కటే సొంతం. ఆకలేసినా కుట్టు వదులు చెయ్యలేదు. అది చూసే మీ పిన్ని, అదే నా ఇల్లాలు, 'గట్టికుట్టు' అని పేరు పెట్టింది. ఎర్రదారంతో చిన్న పట్టీ మీద ఆ పేరు కుట్టి ప్రతి చొక్కా కాలరు లోపలా వేసేది. ఏం తమ్ముడూ, అబద్ధమా?"

"నిజమే అన్నా," అన్నాడు టీకొట్టాయన. "నా పెళ్లి చొక్కా నువ్వు కుట్టిందే. చొక్కా అలాగే ఉంది, నేనే అందులో పట్టట్లేదు."

"విన్నావా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఊళ్లో దొంగలు పడితే బీరువాలో నగలు ముట్టుకునేవాళ్లు కాదు. కాలర్లు కత్తిరించుకుపోయేవాళ్లు, నా పట్టీ కోసం! పెళ్లిచూపుల్లో పిల్ల తండ్రి కుర్రాడి మొహం చూసేవాడే కాదు. వెనక్కి తిరగమని కాలరు మడిచి చూసేవాడు."

"మా మామ కూడా చూశాడు. నా మెడ మీద చెమటకాయలు చూసి జాలిపడి పిల్లనిచ్చాడు."

"నవ్వరా, నవ్వు! అప్పుడే దిగింది వీధిలోకి రెడీమేడ్ దెయ్యం. కొలత తియ్యకుండా చొక్కా అమ్ముతాడటమ్మా! బరువు మోసినోడి భుజం, కుర్చీలో కూర్చున్నోడి భుజం ఒకటేనా? నాకు ఒళ్లు మండిపోయింది. మీ పిన్ని అప్పటికే మంచాన పడింది. 'కొట్టు పోతే పోయింది, పేరు పోనివ్వకు' అంది. అందుకే నీ దగ్గరికొచ్చి, ఏటా డబ్బు కట్టేలా ఆ చిరునామా కొన్నాను. సరిగ్గా మర్నాడే, సముద్రం అవతల ఓ పెద్ద కంపెనీ అదే పేరుతో చొక్కాలు మొదలెట్టింది. జనం కంప్యూటర్‌లో ఆ పేరు కొడితే ఎక్కడ తేలారు? నా దగ్గర! కోట్లమంది! వాళ్ల ఓడలు సరుకుతో నడిసముద్రంలో ఆగిపోయాయి. కెప్టెన్లు ఫోన్ చేసి 'మాస్టారూ, ఒడ్డుకి రమ్మంటారా?' అని ఒకటే బతిమాలడం. 'ముందు బొత్తాల కాజాలు చూపించండి' అన్నాను."

"సముద్రంలోంచా?"

"సముద్రంలోంచే! మేడెక్కి చూశాను. ఒక్క కాజా కూడా పనికిరాలేదు. ఓడలన్నీ తిప్పి పంపేశాను. దాంతో ఆ కంపెనీ యజమాని హెలికాప్టర్‌లో వచ్చి దిగాడు, ఎక్కడో కాదు, ఈ టీకొట్టు మీదే."

"మరి నా రేకులు ఎగిరిపోలేదేం అన్నా?"

"నేను పట్టుకున్నాను కాబట్టి! వాడు ఈ వీధంతా రాసిస్తానన్నాడు. తర్వాత ఊరు. ఆఖరికి వాళ్ల దేశంలో సగం, ఎండ బాగా కాసే వైపు సగం ఇస్తానన్నాడు. నేను టేపు తీసి వాడి ఛాతీ కొలిచాను. 'అయ్యా, మనిషివి పెద్దగానే ఉన్నావు గానీ, ఈ పేరు నీకు వదులు' అన్నాను. ఏడ్చుకుంటూ హెలికాప్టరెక్కాడు."

అందరూ నవ్వారు. నెట్ సెంటర్ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"బాబాయ్, ఆ చిరునామా ఎవరు తెరిచినా నాకు కనబడుతుంది. ఈ ఏడాదంతా తెరిచింది ఒక్కరే. రోజూ పొద్దున్నే నా సెంటర్‌కొచ్చి, మూల కంప్యూటర్ ముందు కూర్చుని, అందులో పెట్టిన, పిన్ని కాజాలు తీస్తున్న ఫొటో చూసుకుని వెళ్లిపోతారు. అది మీరే."

టీకొట్టాయన గ్లాసులు కడగడం ఆపేశాడు. మాస్టారు కండువా దులిపి లేచాడు.

"అంటే రోజూ ఒక మనిషి వస్తున్నట్టేగా! మనిషొచ్చే కొట్టుకి తాళం వేస్తారటమ్మా ఎవరైనా? పద, గడువు పొడిగించు."