ఎనిమిది ముక్కల పులుసు

నెల్లూరు నుంచి మద్రాసు పోయే పొద్దుటి ప్యాసింజరు సూళ్లూరుపేట దాటింది. కిటికీ పక్కన కూర్చున్న ఆమినాబీ ఒళ్లో మూత తీసిన స్టీలు క్యారేజీ. ఎదురుగా మొగుడు దరియావలి, ఇంటర్ చదివే కూతురు ఇర్ఫానా.

“ఎవురు తిన్నారు? తడ స్టేషను వచ్చేలోపల నాకు తెలియాల.”

“నన్నెందుకు చూస్తావ్ మే? నేను మూత గూడా తాకలా.”

“ఎనిమిది వంజరం చేప ముక్కలేసి చేసినానయ్యా. ఇప్పుడు ఒకటుంది. ఒక్కటి! మిగతాదంతా పులుసూ మామిడికాయానూ.”

“కరిగిపోయుంటాయేమో. రాత్రంతా నానినాయి గదా.”

“కరిగేదానికి అది బెల్లమా? నిన్న మద్రాసుకి నిమ్మకాయల లారీ తోలుకుపోతా రాత్రికి మనింట్లో ఆగిన నా తమ్ముడు షాహులుకి గూడా వంకాయ కూరే పెట్టినా, పులుసు వాళ్లింటికే గదా అని! పోయినసారి ఒట్టి చేతుల్తో పోతే వాడి పెళ్లాం సాహిరా ఏం చేసిందో మర్చిపోయినావా?”

“మిద్దె మీద పండబెట్టింది.”

“రెండు దినాలు! మద్రాసు దోమలకి మనం బిర్యానీ. లాడ్జి మాటెత్తితే నీకు జ్వరమొస్తాది. వాళ్లింట్లో ఏసీ గదికి ఈ పులుసే అద్దె అని నువ్వే గదా అన్నావు?”

“అన్నా. బీచి చూస్తాం, దినమంతా సిటీ బస్సుల్లో తిరుగుతాం, పొద్దుగూకేసరికి ఏసీ గది. ప్లాను నాది. ప్లానేసినోడే ముక్క తింటాడా?”

“నాయనా, నీ చొక్కా జేబు మీద ఆ ఎర్ర మరకేంది?”

“వక్కాకు.”

“నువ్వు వక్కాకు మానేసి రెండేళ్లయింది.”

“గమ్మునుండు పాపా. నువ్వేమన్నా లాయరువా?”

“ఏమయ్యా, ఇట్ట చూడు. నా కళ్లల్లోకి చూడు.”

“రెండు. రెండే మే! ముక్కకి పులుపు పట్టిందో లేదో చూద్దామని...”

“పులుపు చూసేదానికి రెండా?”

“మొదటిదానికి పట్టలా.”

“నాయన రెండు. ఇంకా ఐదు తేలాల.”

“లెక్క బాగానే వేస్తా ఉండావు. పళ్లు తోమకముందే వంటింట్లో నీకేం పని పాపా?”

“నీళ్లు తాగేదానికి పోయినా.”

“నీళ్లు తాగితే గొంతులో ముల్లు గుచ్చుకుంటాదా? ఉత్తన్నం ముద్ద మింగతా ఉంటే నేను చూళ్లేదనుకున్నావా?”

“రెండే నాయనా. ముల్లు దెబ్బకి రెండోది సరిగ్గా తినలేదు గూడా.”

“అయితే నాలుగు తేలినాయి.”

“ఇంకా మూడు. అమ్మా?”

“నన్నడగతావా? చేసినదాన్ని! ఉప్పు చూడకుండా ఎట్ట దించేది?”

“ఉప్పు పులుసులో చూస్తారు, ముక్కలో కాదు.”

“రెండు... రెండోది విరిగిపోయిందే! విరిగిన ముక్క తీసుకుపోతే సాహిరా ఏమనుకుంటాది?”

“ఆరు. క్యారేజీలో ఉండేదాంతో ఏడు. ఎనిమిదోది యాడ?”

“నేను కాదు.”

“నేనూ కాదు. పిల్లి తినిందేమో.”

“పిల్లి తిని, పోతా పోతా మూత పెట్టి పోయిందా నాయనా? అమ్మా, ఫోను! సాహిరా అత్త!”

“ఎత్తొద్దు మే!”

“ఎత్తకపోతే తలుపు గూడా తీయదు. హలో, సాహిరా!”

“వదినా, యాడిదాకా వచ్చినారు? పులుసు తెస్తా ఉండారు గదా? పక్కింటోళ్లని గూడా భోజనానికి పిలిచేసినా.”

“తె... తెస్తా ఉండాం. షాహులు క్షేమంగా వచ్చినాడా?”

“ఇందాకే. నువ్వు పెట్టిన వంకాయ కూర అరగలేదంట, టిఫినొద్దన్నాడు. అది సరే గానీ, నిమ్మకాయల బండి తోలేవాడి చేతిగుడ్డ నిండా చేపల పులుసు మరకలేంది వదినా?”

“మే! ఎనిమిదోది!”

“అమ్మా, పొద్దున మామ మనందరికన్నా ముందే లేచి బయల్దేరినాడు!”

“ఇద్దరూ నోరు మూయండి.”

“ఎవురు వదినా, మాట్లాడేది?”

“రైల్లో ఎవురో. సాహిరా, చెప్పేదానికి సిగ్గుగా ఉంది తల్లీ. నీకోసమని ఎనిమిది ముక్కలేసి చేసినా. ఇప్పుడు చూస్తే ఒకటే ఉంది.”

“అయ్యో! మిగతా ఏడూ ఎవురు తిన్నారు?”

“ఇంకెవురు? ఏడూ ఒక్కడే తిన్నాడు. నీ మొగుడు, షాహులు!”