కట్టని మేడ నీడ

హలో… ఆ, నేనేనండీ. నలభై ఒకటో నంబరు మేడ, మూడో అంతస్తు, కిటికీ ముసలమ్మని.

నీడల విభాగం నుంచా? అమ్మయ్య! పొద్దుటినుంచి ఈ ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, చంటిపిల్లని పెట్టుకున్నట్టు.

ఒక్క క్షణం బాబూ… బుల్లీ, దుప్పటి పైన కాదే, అడుగున పెట్టు. మందుసీసాలు దాని మడతలో దూర్చు. …ఎవరైతే నీకెందుకు? నువ్వు సర్దుకో.

ఆ, చెప్పండి. …మా మనవరాలు లెండి. సంచి సర్దుతోంది. నాలుగింటి బస్సుకి వెళ్ళిపోతున్నారు. అదీ, దాని మొగుడూ, దాని కడుపులో అయిదో నెల బిడ్డా.

…చుట్టపుచూపుగా కాదండీ, ఉండటానికే. వేరే ఊరికి. ఇక్కడ చోటు లేక.

ఎంతమందిమా? రెండు గదులూ ఓ వసారా. నేను, మా అబ్బాయి, కోడలు, ఈ దంపతులు. మా మనవరాలి మొగుడు తాటిచెట్టంత పొడుగు. పడుకుంటే తల వసారాలో, కాళ్ళు వంటింట్లో. తెల్లారి మా కోడలు పొయ్యి ముట్టించాలంటే ముందు వంగి ఆయన పాదాలు పట్టుకుని పక్కకి జరపాలి. అత్తగారు రోజూ అల్లుడి కాళ్ళు పట్టుకోవడం ఎక్కడైనా విన్నారా?

…నవ్వకండి. నవ్వులాటలా ఉందా?

…అవునండీ, ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. పెళ్ళి చేసి చూశాం. ఇల్లు కూడా కట్టి చూద్దామంటే చూడనిస్తేగా!

చూడనివ్వనిది ఎవరా… అదే బాబూ. నేనే. ఎదురు ఖాళీ స్థలంలో పదకొండు అంతస్తుల మేడ కడతామంటే వద్దని అభ్యంతరం రాసిచ్చింది నేనే. తొమ్మిదేళ్ళయింది. ఇప్పుడు వెనక్కి తీసుకుంటాను.

ఈరోజే ఆఖరంటగా? …మూడింటికే? …దాటితే ఫైలు పై విభాగానికి పోతుందా? పోతే మళ్ళీ ఎప్పుడు…

తొమ్మిదేళ్ళా! నాకిప్పుడు డెబ్భై ఎనిమిదండీ!

సరే, సరే, వెతకండి. నేను లైన్లోనే ఉంటాను.

…

ఎక్కడ దొరికింది? …దిండు కిందా?

ఏ దిండు? …మీ దిండా? ఆఫీసులో మీ దిండేమిటి?

…

అయ్యో. …ఎన్నాళ్ళ నుంచి? …ఆరేళ్ళుగా ఆఫీసులోనేనా? మరి మీ ఆవిడ? …అక్కడే ఉండిపోయిందా పాపం. …ఆ, గది దొరికితే తెచ్చుకుందురు. దొరికితే కదా.

ఆగండాగండి, ఏదో కుయ్యిమంటోంది. …కుక్కరా? …రెండో కూతకే దించెయ్యండి, మాడిపోతుంది. నేను ఉంటానులెండి.

…

దించారా? మంచిది. ఇప్పుడు ఫైలు తియ్యండి. …చదవలేదా? దాన్ని తలకింద పెట్టుకుని ఆరేళ్ళు నిద్రపోయారు, ఒక్కసారి విప్పి చూడలేదా? సరే, నేనే చెప్తా వినండి.

మేడ కట్టే ముందు దాని నీడ ఎక్కడ పడుతుందో జనానికి చూపించాలని మీ నియమం కదా? మీ వాళ్ళు వచ్చారు. ఆ స్థలంలో పదకొండు అంతస్తుల ఎత్తున వెదుళ్ళు కట్టారు, వాటిచుట్టూ నల్లగుడ్డ చుట్టారు. మధ్యాహ్నం రెండూముప్పావుకి ఆ నీడ సరిగ్గా నా కిటికీ మీద పడింది. మూడుంబావు దాటాక పోయింది. మీ నీడల ఇన్‌స్పెక్టరు నా గచ్చు మీద సుద్దముక్కతో గీత కూడా గీశాడు. ఇప్పటికీ ఉంది, మేం చెరపలేదు. చెరిపితే నేరమన్నాడు.

ఆ అరగంట నా చదువుకి వెలుతురు ఉండదని నేను ఉత్తరం రాశాను.

…నేను బడికి వెళ్ళలేదండీ. పొట్లాల కాగితాలు చదివి అక్షరాలు నేర్చుకున్నదాన్ని. నేర్చుకున్నాక ఊరుకోలేను కదా, కాస్త బాగానే రాశాను. "నా భర్త పోయిననాటి నుంచి ఈ కిటికీయే నాకు తోడు. ఈ చిరిగిన పేము కుర్చీలో కూర్చుని నాలుగు అక్షరాలు చదువుకుంటేనే నాకు పొద్దు గడుస్తుంది" అని.

అక్కడే కొంప మునిగింది. ఉత్తరం భలే ఉందని మేడలో వాళ్ళంతా అడిగి తీసుకుని కాపీ కొట్టారు. నలభై మంది! ఒక్క ముక్క మార్చకుండా! టైలరున్నాడు, మీసాలాయన. ఆయనా "నా భర్త పోయిననాటి నుంచి" అనే రాశాడు. కింది వాటా ఆవిడా రాసింది. ఆవిడ మొగుడు నిక్షేపంలా ఉన్నాడు, ఆయనే సాక్షి సంతకం చేశాడు. పళ్ళ డాక్టరుగారి చిరిగిన పేము కుర్చీ చూస్తానని మీ ఇన్‌స్పెక్టరు వెళ్ళి, రెండు గంటలు అక్కడ కూర్చుని, ఓ పన్ను పీకించుకుని వచ్చాడు.

…ఆ, అన్నీ ఒకే మాటలు కాబట్టి నాది తల్లి ఉత్తరం, మిగతావి పిల్ల ఉత్తరాలు అని మీరే జాబు పంపారు. తల్లిని తీసేస్తే పిల్లలన్నీ వాటంతటవే రాలిపోతాయని కూడా రాశారు. అందుకే నేను. నేనొక్కదాన్ని ఊ అంటే చాలు.

బుల్లీ, ఆ తాడు ఇటివ్వు. …కొలికి ఊడింది కాబట్టే తాడు కట్టాలి. ఆ సంచి అంతే. జతగా కొన్నాం. దాని జోడు సంచి మా చెల్లెలు పట్టుకెళ్ళింది. …చెప్పాను నీకు, వందసార్లు చెప్పాను.

ఆ బాబూ… ఏమిటి? …వెదుళ్ళు ఇంకా ఉన్నాయా అని అడుగుతున్నారా?

ఉన్నాయి నాయనా! అదే నా ఏడుపు! అభ్యంతరం తేలేదాకా తియ్యకూడదని మీరేగా అన్నారు? ఏటా మనుషులొచ్చి చిరిగిన చోట కొత్తగుడ్డ కుట్టి పోతున్నారు. తొమ్మిదేళ్ళుగా మేడ లేదు, నీడ మాత్రం వేళ తప్పకుండా వస్తోంది. నేనేం వద్దన్నానో అది ఇంట్లోకొచ్చి కూర్చుంది. ఎవరికి కావాలో వాళ్ళకి గది రాలేదు. నా వేలితో నా కన్నే పొడుచుకున్నాను.

నాలుగో అంతస్తు ఎత్తులో కాకులు గూళ్ళు పెట్టాయి. మూడు కాపురాలు. వాటికి ఏ విభాగమూ అడ్డు చెప్పలేదు.

…అలవాటా? అయింది లెండి. ఆ అరగంటా పుస్తకం మూసి గోడకేసి చూస్తూ కూర్చుంటాను. మంచిది కాదు ఆ అరగంట. వెళ్ళిపోయిన వాళ్ళందరూ వరసగా గుర్తొస్తారు.

అదుగో! వచ్చింది.

నీడండీ, నీడ! సుద్దగీత మీదికి వచ్చేసింది. అంటే రెండూముప్పావు. ఇంకో పావుగంటే ఉంది మనకి! ముద్ర వెయ్యండి బాబూ, పుణ్యముంటుంది.

…ఎందుకు వెయ్యకూడదు?

…మీరూ ఆ మేడకే దరఖాస్తు పెట్టారా! ఏడో అంతస్తా? …ఓహో, లాభం పొందేవాడు ముద్ర వెయ్యకూడదు. న్యాయమే. అయితే పక్క బల్ల ఆయన? …ఆయనా పెట్టాడా? పెద్దాఫీసరుగారు? …ఆయన ఎక్కడ పడుకుంటారు? …మ్యాపుల గదిలో. సరిపోయింది. తాను దూర సందు లేదు, మెడకో డోలు!

మరి మీ ఆఫీసు మొత్తంలో ఇల్లున్నవాడే లేడా?

…ఎవరు? …గేటు వాచ్‌మనా? …ఆ కాపలా గది ఇల్లు కిందే లెక్కా? రాసి ఉందా అలా? అయితే ఆయన్ని పిలవండి! కేకెయ్యండి కిటికీలోంచి!

…

ఎక్కుతున్నాడా? ఎన్నో అంతస్తు మీది? …అయిదు. …లిఫ్టులో? …లిఫ్టులో ఎవరు కాపురముంటున్నారు? …టైపిస్టూ వాళ్ళమ్మా. సరే, దింపొద్దు లెండి, పెద్దావిడ. మెట్లే ఎక్కమనండి.

బుల్లీ, నీ మొగుడేడీ? …కిందికి దిగాడా అప్పుడే? బస్సు నాలుగింటికే కదే! …ముందుగా వెళ్ళి సీట్లు పట్టాలా. ఊ.

ఇలా రా. ఇలా కూర్చో. నీడ నా పాదాల దాకా వచ్చింది చూడు. …ఏమన్నావ్?

ఆ మాట అనకు తల్లీ. ఇంకేమైనా అను. "గది దొరకగానే వచ్చేస్తాం" అని మాత్రం అనకు. అచ్చం ఇదే గుమ్మంలో నిలబడి, ఇలాగే తాడు బిగిస్తూ… పోనీలే. నీకేం తెలుసు.

హలో? ఆ, ఉన్నాను. …వచ్చాడా? ఆయాసపడుతున్నాడా? కాసిని మంచినీళ్ళివ్వండి, కూర్చోబెట్టకండి. కూర్చుంటే లేవడు.

ముద్ర చేతికిచ్చారా? …ఇంకేం మరి?

…కారణం?

కారణం చెప్పాను కదండీ ఇంతసేపూ! …ఆ గడిలో రాయాలా. సరే, రాయండి. "ఊళ్ళో చోటు చాలడం లేదు."

…ఎందుకు పనికిరాదు? …అది కారణం కాదు, సాధారణ పరిస్థితా! అబ్బో. అయితే ఇలా రాయండి. "మా మనవరాలు ఇల్లు లేక వెళ్ళిపోతోంది."

…పోతోంది అంటే పోయినట్టు కాదా? నాలుగింటి బస్సండీ! ఇప్పుడు రెండూ యాభై అయిదు! …జరిగినదే రాయాలా. జరగబోయేది రాయకూడదు. అది జరిగాక మీ గడువు ఉండదు కదా నాయనా!

…కోప్పడటం లేదు. నువ్వేం చేస్తావ్, నీ నియమం నీది. దిండు కింద నియమాలు పెట్టుకుని పడుకునేవాడివి. మీ ఆవిడతో మాట్లాడి ఎన్నాళ్ళయింది? …రోజూ ఫోనులోనా. నయం. అది మానకు. మొదట రోజూ ఉంటుంది, తర్వాత వారానికొకటి. అక్కడినుంచి జారుతుంది. నాకు తెలుసు.

ఏం కావాలన్నావ్? …చోటు లేక ఈ ఇంట్లోంచి ఇప్పటికే వెళ్ళిపోయిన మనిషి. తేదీతో సహా. ఒక్క మనిషైనా చాలు.

…

ఉంది.

…లేదు, లైన్లోనే ఉన్నాను. ఉంది అంటున్నాను. ఒక మనిషి ఉంది. అది గుర్తుండి కూడా ఆ ఉత్తరం రాశాను చూడు, అదీ నా బుద్ధి. అరగంట వెలుతురు కోసం.

మా చెల్లెలు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్నది. పెళ్ళయిన మూడు నెలలు ఇదే వసారాలో కాపురం చేశారు, మధ్యలో చీర తెరగా కట్టుకుని. ఇళ్ళ జాబితాలో పేరు రాయించుకుంది. ఇప్పటికీ మీ పక్క విభాగం నుంచి దాని పేరు మీద ఏటా కార్డు వస్తుంది. "మీ వంతు సమీపించినది, సిద్ధముగా ఉండగలరు" అని. మొన్న కూడా వచ్చింది. పుస్తకంలో గుర్తుకి పెట్టుకున్నాను.

…ఆ. ఒక్క వాక్యమే రాయాలి, తెలుసు. నీడ మోకాళ్ళ దాకా వచ్చింది, తెలుసు. అడుగు, గడులు అడుగు. చెప్తాను.

వెళ్ళిన వ్యక్తి… చెల్లెలు అని రాయి.

కారణం… గది లేక.

వెళ్ళిన తేదీ… పందొమ్మిది వందల డెబ్భై తొమ్మిది, మార్చి పద్నాలుగు. బుధవారం. నాలుగింటి బస్సు.

…చూసి చెప్పడమేమిటి నాయనా, చూడక్కర్లేదు.

బుల్లీ, ఎందుకే ఏడుస్తావ్? ఆ తాడు వదిలెయ్. కాసేపు వదిలెయ్.

…ఇంకో గడి ఉందా? …తిరిగి వచ్చిన తేదీయా?

…ఖాళీగా వదలకూడదా?

వాచ్‌మన్ గారిని ముద్ర ఎత్తి పట్టుకోమను. రాసుకో.

మా చెల్లెలు డెబ్భై తొమ్మిది మార్చి పద్నాలుగున వెళ్ళింది. తిరిగి రాలేదు.