మసి అంటిన చోటు

ఫిలిప్పీన్స్ ఉత్తరపు కొండల్లో ఒక ఇల్లు. పొయ్యి ముందు పచ్చబొట్లు పొడిచే ఫాగాయ్ అవ్వ, ఆమె దగ్గర పని నేర్చుకున్న మనవరాలు అమ్మియా.

"ఆ పచ్చబొట్టు పొడిచే ముల్లుపుల్ల పొయ్యిలో పెట్టావంటే నీ వీపు విమానం మోత మోగుతుంది. కింద పెట్టు!"

"పెట్టను. వాళ్లొచ్చి లాక్కునే ముందు నేనే కాల్చేస్తాను."

"ఎవరే లాక్కునేది? నేను చచ్చాననుకున్నారా?"

"ఊరి పెద్దలు బయల్దేరారు అవ్వా. నేను మొన్న పచ్చబొట్టు పొడిచిన పిల్ల, బుగ్నాయ్, చెయ్యి మోచేతి దాకా వాచింది. చీము కారుతోంది. ఒళ్లు కాలిపోతోందట."

"ముల్లు ఎక్కడిది?"

"అది కాదవ్వా..."

"అడిగినదానికి చెప్పు. ముల్లు?"

"మన పెరట్లో పంపరపనస చెట్టుది. కొత్తదే. నీ ముందే కోశాను కదా."

"మసి?"

"మన కుండ అడుగుదే. నీళ్లు కాచి, చల్లార్చి కలిపాను."

"మరి ఏం తప్పు చేశావని ఏడుస్తున్నావు?"

"ఏ తప్పూ చెయ్యలేదు. అందుకే ఏడుస్తున్నాను."

"నాకు అర్థమయ్యేట్టు ఏడువు."

"పొడిచేది మన వంశం చెయ్యి కాకపోతే పుండు పడుతుందని నువ్వే కదా చెప్పావు?"

"చెప్పాను. మా అమ్మ నాకు చెప్పింది, నేను నీకు చెప్పాను. అయితే?"

"అయితే... ఏం లేదు."

"ఏం లేకపోవడమేంటి? మింగకు. కక్కు."

"పోయేముందు అమ్మ చెప్పింది. నేను తన కడుపున పుట్టలేదట. వరదలొచ్చినప్పుడు కింద ఊళ్లో దొరికానట. నీకు తెలీదనుకుని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. ఇప్పుడు పెద్దలకీ ఎవరో చెప్పేశారు."

"ముందు ఆ పుల్ల కింద పెట్టు."

"తిట్టు అవ్వా. దొంగముండా అని తిట్టు."

"పొడిపించుకున్న మర్నాడు బుగ్నాయ్ ఎక్కడికెళ్లింది?"

"నేనేం చెప్తున్నాను, నువ్వేం..."

"ఎక్కడికెళ్లిందే?"

"నాట్లకి. పచ్చి పుండుతో బురదలో దిగింది. వద్దని చెప్పే పంపాను. వాళ్ల మామ ఊరుకోలేదట. బురద వల్లే అయ్యుంటుందని నర్సమ్మ కూడా అంది. మందులిచ్చింది, తగ్గుతుందంది."

"ఆ మాటే పెద్దలకి చెప్పు."

"చెప్పాను. బురదలో అందరూ దిగుతారు, నీ పుట్టుక సంగతి చెప్పు అన్నారు. నువ్వు చెప్పు అవ్వా, నిజంగా బురద వల్లేనా?"

"ఏమో."

"ఏమో అంటావేంటి?"

"తెలిస్తే చెప్పనా? మీ అమ్మ పచ్చబొట్టంటే సిగ్గుపడి చచ్చేది. చర్చికి నేను తోడొస్తానంటే, నా చేతులు దుప్పటి కింద దాచుకోమనేది. ఇన్నేళ్లకి ఈ ఊళ్లో ఒక పిల్ల తనంతట తాను చెయ్యి చాపింది. నాకా, కళ్లు కనబడి చావవు. నువ్వు మానేస్తే ఈ పని నాతోపాటే మట్టిలో కలుస్తుంది."

"మరేం చెయ్యమంటావు?"

"ఆ గిన్నెలో ఉడికించిన ముల్లుంది, తియ్యి. వాళ్లొస్తారని పొద్దున్నే కోసి వేశాను."

"ఎవరికి?"

"నాకు."

"నీకు చోటెక్కడుంది? మెడ నుంచి వేళ్ల దాకా గీతలే!"

"మణికట్టు లోపల చూడు."

"అరే, ఇక్కడ ఖాళీ ఉందే! మర్చిపోయారా?"

"మర్చిపోయే మొహాలేనా మావి?"

"వద్దవ్వా. నీ వయసులో చీము పడితే బతకవు."

"నువ్వు పొడిచింది మానిందంటే వాళ్ల నోళ్లు మూతబడతాయి."

"మానకపోతే?"

"అప్పుడు వాళ్ల మాటే నెగ్గుతుంది. నాకు భయం లేదనుకున్నావా? పొద్దుట్నుంచీ కాఫీ కూడా దిగలేదు."

"కుక్కలు మొరుగుతున్నాయి. వచ్చేశారు."

"రానీ. కూర్చో."

"నీ రక్తం కానిదాని కోసం ఎందుకవ్వా ఇదంతా?"

"పిచ్చిమొహమా, నిన్ను మీ అమ్మ తెచ్చిందనుకున్నావా? తడిసి ముద్దయిన నిన్ను దుప్పట్లో చుట్టుకుని ఈ కొండెక్కింది నేను. మీ అమ్మ ఒళ్లో పెట్టింది నేను. పొయ్యి పక్కన అలా దింపానో లేదో, కుండ అడుగున చెయ్యి పెట్టి, ఆ మసి వేళ్లతో నా మణికట్టు పట్టుకున్నావు. ఇదిగో, ఇక్కడే. తర్వాత మా చెల్లెలు అక్కడ గీత వేస్తానంటే వద్దన్నాను. మసి కడుక్కున్నాను గానీ, ఆ చోటు ఎవరికీ ఇవ్వలేదు."

"ఫాగాయ్! ఆ పిల్లని బయటికి పంపు! పుల్ల మాకిచ్చెయ్యమను!"

"చూస్తావేంటే? వాళ్లకి నువ్వే జవాబు చెప్పు."

"లోపలికి రండి తాతా. చూద్దురుగాని. అవ్వా... చెయ్యి కదపకు."